తలుపు అవతల వదిన

ఓడ క్యాబిన్‌లో, అద్దం ముందు. మాట్లాడుతున్నది అతనొక్కడే.

“…‘నిద్రపోతోంది’ అంటే, పోనీ లేపుకురండి అంటారు. ‘ఒంట్లో బాగాలేదు’ అంటే డాక్టరంటారు. ‘సముద్రం పడలేదు’ అనడమే నయం. సముద్రం పడకపోవడం రోగం కాదు, ఎవరి తప్పూ కాదు. అసలు నిన్న ఆ వెయిటరు రెండో కంచం సర్దుతూ ‘మేడమ్ వస్తున్నారా సార్?’ అన్నప్పుడే ‘రాదయ్యా, తీసెయ్’ అంటే పోయేది. రెండు ముక్కలు. నోట్లోంచేమో ‘వస్తుంది’ అని వచ్చింది. వస్తుందన్నాక రావాలి కదా. రాలేదు. రాకపోయేసరికి ఎదురుగా కూర్చున్నావిడ ‘పాపం, ఏమైంది?’ అంది. పాపం అన్నాక ఏదో ఒకటి అవ్వాలి మరి… వెయిటరు తప్పు కూడా కాదు. టిక్కెట్టు తీసింది ఇద్దరికి, వాళ్ళ దగ్గర ఇద్దరనే ఉంటుంది. గది ఇద్దరిది, మంచాలు రెండు, తువ్వాళ్ళు రెండు. రెండో మంచం మీద తువ్వాలుతో కుందేలు చేసి పెట్టిపోయాడు గది సర్దేవాడు, చూసి మా ఆవిడ నవ్వుతుందని కాబోలు… ‘సముద్రం పడలేదండీ.’ కాదు, అంత హుషారుగా కాదు. ‘సముద్రం… పడలేదండీ.’ ఆఁ, ఇలాగ.”

ఓడలో భోజనాల హాలు. బల్లకు నాలుగు కుర్చీలు. ఆమె, ఆమె భర్త, అతను, ఒకటి ఖాళీ.

“రండి అన్నయ్యగారూ. వదినగారు ఇవాళ కూడా లేవలేదా?”

“సముద్రం… పడలేదమ్మా.”

“అయ్యో. తల తిరగడమా, కడుపులో తిప్పడమా?”

“రెండూ. కొంచెం కొంచెం.”

“ఏమన్నా తిన్నారా?”

“రొట్టెముక్క.”

“నిమ్మకాయ కోసి వాసన చూపించండి. ఏవండీ, మొదటిసారి ఓడెక్కినప్పుడు మీకూ ఇలాగే అయింది కదూ?”

“ఊ.”

“చూశారా? మీ బావగారు అన్నిటికీ ఇంతే. ‘ఊ’ అంటే అవునని కాదు. కాదనీ కాదు. విన్నారని అసలే కాదు.”

“ఊ.”

“ఇదిగో, ఇదే. మీరేం చేస్తుంటారు అన్నయ్యగారూ?”

“కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు చూసి అద్దాలు వేసిస్తాను.”

“మంచి పని. వదినగారో?”

“ఇంట్లోనే.”

“ఇంట్లోనే అంటే?”

“ఇంట్లోనే… పొద్దున నేను షాపుకి బయల్దేరేటప్పుడు ఉంటుంది. రాత్రి వచ్చేటప్పటికి ఉంటుంది.”

“మధ్యలో?”

“మధ్యలో… ఉంటుంది కదా.”

“సరే. ఆవిడకి ఏమిష్టమో చెప్పండి, వెయిటరుకి చెప్పి గదికి పంపిస్తాను.”

“ఏదైనా తింటుందమ్మా.”

“ఏదైనా తినే ఆడవాళ్ళు ఉండరండీ. ఏది మిగిలితే అది తినేవాళ్ళు ఉంటారు. ఆలోచించి చెప్పండి.”

“…సూప్.”

“ఏ సూప్?”

“మామూలు సూప్.”

“బాగుంది. రేపు మధ్యాహ్నం వచ్చి ఒకసారి పలకరిస్తానులెండి.”

“వద్దొద్దు. లేచి తలుపు తీసే ఓపిక లేదు.”

“తీయక్కర్లేదు, బయటినుంచే పలకరిస్తాను.”

“అంటే, రేపు మధ్యాహ్నం నేనుండను. తిమింగిలాలు కనిపిస్తాయని అందర్నీ పై డెక్‌కి రమ్మన్నారు. వెళ్దామని.”

“మీరు లేకపోతే ఇంకా మంచిది. ఆడవాళ్ళం మాట్లాడుకుంటాం.”

మరునాటి మధ్యాహ్నం. ఆమె తలుపు బయట. అతను లోపల. తిమింగిలాల కోసం వెళ్ళలేదు.

“వదినగారూ… నేనండీ, బల్ల దగ్గర మీకు ఎదురుగా కూర్చోవాల్సినదాన్ని. లేవకండి, లేవకండి. మాట్లాడకండి కూడా, నోరు తెరిస్తే తిప్పుతుంది. మెలకువగా ఉన్నారా అని. ఉంటే ఒకసారి తట్టండి, చాలు.”

“…”

“నిద్రపోతున్నట్టున్నారు. సరే, నేను మళ్ళీ—”

“టక్.”

“అమ్మయ్య! ఇబ్బంది పెడుతున్నానా?”

“…”

“అయితే కాసేపు ఉంటాను. అందరూ పైకి పోయారు. మా ఆయన పేకాట గదిలో ఉన్నారు. ఆడరు, చూస్తారు. ఇంట్లో నన్ను అంతసేపు ఎప్పుడూ చూసినట్టు గుర్తులేదు నాకు… నవ్వొచ్చిందా?”

“టక్.”

“నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. వింటున్నారో లేదో చూద్దామని అప్పుడప్పుడూ ఒకటి కలుపుతుండేదాన్ని. ‘పాలవాడు రాలేదు, కరెంటు బిల్లు వచ్చింది, మన మేడ మీదకి ఏనుగెక్కింది.’ ‘ఊ’ అన్నారు. ఏనుగుకి కూడా ‘ఊ’యే. ఈ ప్రయాణం నేనే పట్టుబట్టాను. చుట్టూ నీళ్ళే కదా, ఎక్కడికి పోతారు, నా మొహం చూడక తప్పదనుకున్నాను. ఓడలో పేకాట గది ఉంటుందని నాకేం తెలుసు?”

“…”

“కొట్టరు, తిట్టరు, తాగరు. ఎవరితో చెప్పినా ‘ఇంకేం కావాలి నీకు’ అంటారు. ఏం కావాలో నాకూ చెప్పడం రాదు. ఏడుపొస్తే స్నానాలగదిలోకి పోయి కుళాయి విప్పుకుంటాను, వినబడకుండా. మొన్న కుళాయి విప్పకుండానే ఏడ్చాను. చూద్దామని.”

“…”

“బయటికొస్తే, ‘నీళ్ళు రావట్లేదా?’ అన్నారు… వదినగారూ, ఉన్నారా?”

“టక్.”

“ఎందుకు చెబుతున్నానో తెలీదు. మొహం కనబడకపోతే తేలికేమో. ‘నువ్వు’ అనేస్తానేమో చూసుకోండి, నాకు అలవాటు. అనొచ్చా?”

“టక్.”

“నువ్వు మంచిదానివి వదినా. అన్నయ్యగారు నీతో మాట్లాడతారా? మాట్లాడేవాడిలాగే ఉన్నారులే, నెమ్మదస్తుడు.”

“…”

“మాట్లాడతారా?”

“…”

“అలసిపోయావు. పడుకో. రేపు మళ్ళీ వస్తాను. ఒక సంగతి చెప్పాలి నీకు. చిన్నప్పుడు నాతో చదువుకున్నది ఒకత్తి ఉంది, ఓడ తరవాత ఆగే దీవిలో స్కూలు నడుపుతోంది… రేపు చెబుతాలే.”

ఆ మరునాడు. గదిలో ఫోన్.

“గుడ్ మార్నింగ్ సార్. ఓడ ఆసుపత్రి నుంచి నర్సును. మీ మేడమ్‌కి వాంతులవుతున్నాయట?”

“ఎవరు చెప్పారు?”

“మీ బల్ల వెయిటరు. వాళ్ళు చెప్పి తీరాలి సార్, రూలు. ఓడలో పొద్దున ఒకరికి వాంతులంటే సాయంత్రానికి సగం ఓడకి. గదిలో ఉన్నవాళ్ళెవరూ బయటికి రాకూడదు. రేపు దీవిలో దిగడం కూడా కుదరదు.”

“వాంతులు కాదు. తల తిరుగుడంతే.”

“జ్వరం?”

“లేదు.”

“ఆవిడకివ్వండి ఫోను, నేను అడుగుతాను.”

“పడుకుంది.”

“అయితే డాక్టరుగారు వచ్చి చూస్తారు.”

“వద్దు! తలుపు తీయదు.”

“తీయడానికి మీరున్నారు కదా సార్. ఒక్క నిమిషం… ఓడెక్కేటప్పుడు మీ గది పేరున ఒక బోర్డింగ్ కార్డే చూపించారు. రెండోది చూపించినట్టు లేదే. మేడమ్ ఓడెక్కలేదా సార్?”

“చివరి నిమిషంలో వీలు కాలేదు. ఇంట్లో ఉంది.”

“మరి వాంతులు?”

“వాంతులని నేననలేదమ్మా. సముద్రం పడలేదన్నాను.”

“ఇంట్లో ఉన్నావిడకి సముద్రం పడలేదా?”

“నవ్వుతున్నారా?”

“లేదు సార్, డ్యూటీలో నవ్వకూడదు. సిగ్గుపడకండి. ప్రతి ట్రిప్పులో ఒకరిద్దరుంటారు. పోయినసారి ఒకావిడ లేని మొగుడి కోసం రోజూ గడ్డం గీసుకునే సబ్బు తెప్పించేది. ఒంటరిగా వచ్చినవాళ్ళకి వేరే బల్ల ఉంది సార్, గుండ్రంగా, పెద్దది. అక్కడ వేయించమంటారా?”

“వద్దు.”

“సరదాగా ఉంటారు.”

“వద్దమ్మా. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఇక ఒంటరివాళ్ళమే అయిపోతాం కదా.”

“మరి మీ బల్లావిడకి ఏం చెప్పను? పొద్దున్నించి రెండుసార్లు వచ్చింది, మా వదినకి మందిచ్చారా అని.”

“మా వదిన అందా?”

“అలాగే అంది.”

“…తగ్గుముఖం పట్టిందని చెప్పండి.”

“లేని మనిషికి తగ్గిందని నేను చెప్పలేను సార్. అది మీరే చెప్పుకోవాలి. ఇవాళే చెప్పేయండి. ఇవాళైతే నవ్వేస్తుంది. ఇంకో నాలుగు రోజులు పోతే నవ్వదు.”

ఆ రాత్రి భోజనాల బల్ల.

“అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి.”

“ముందు నన్ను చెప్పనివ్వండి. మీరు అదృష్టవంతులు అన్నయ్యగారూ.”

“నేనా?”

“మా వదిన ఎంత బాగా వింటుందండీ! ఇవాళ కూడా వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. నన్ను చూసి నడవాలో పోయేవాళ్ళు పిచ్చిదేమో అనుకున్నారు, తలుపుతో మాట్లాడుతోందని.”

“ఆవిడేం మాట్లాడలేదు కదా?”

“మాట్లాడాలా ఏమిటి? ఎక్కడ తట్టాలో అక్కడ తడుతుంది. తట్టకూడని చోట తట్టదు. ఒక్కచోట కూడా తప్పలేదు. నిజం చెబుతున్నాను, నా మాట ఇంత శ్రద్ధగా విన్న మనిషి నేను పుట్టి బుద్ధెరిగాక లేదు. కదండీ?”

“ఊ.”

“విన్నారా, ఒప్పుకున్నారు! ఏదో చెప్పాలన్నారు మీరు?”

“ఏం లేదు. ఆ ఉప్పు… ఇటివ్వండి.”

“మీ ముందే ఉంది కదా ఉప్పు.”

దీవి దగ్గర ఓడ ఆగిన ఉదయం. నడవాలో దిగేవాళ్ళ హడావుడి. ఆమె తలుపు బయట, అతను లోపల.

“వదినా, లేచావా?”

“టక్.”

“అన్నయ్యగారు దిగిపోయారా? టిఫిన్ల దగ్గర కనబడలేదు.”

“…టక్.”

“మంచిది. ఎక్కువసేపు ఉండను. చేతిలో సంచి ఉంది… నిన్న చెప్పానే, ఆ స్కూలు ఆవిడ. పొద్దున అందింది ఫోను. ‘వచ్చెయ్, గది ఉంది’ అంది. ఎన్నాళ్ళకని అడగలేదు. నేనూ చెప్పలేదు.”

“…”

“మా ఆయన పేపరు చదువుకుంటున్నారు. ‘దిగొస్తాను’ అన్నాను. ‘ఊ’ అన్నారు. ‘రాకపోవచ్చు’ అన్నాను. దానికీ ‘ఊ’ అన్నారు. ఇంకేం మిగిలింది చెప్పడానికి?”

“…”

“నిన్నంతా ధైర్యంగానే ఉన్నాను. ఇప్పుడు దిగే మెట్లదాకా పోయి వెనక్కొచ్చాను వదినా. ఈ వయసులో… నాకు తోడబుట్టినవాళ్ళు లేరు, అడగడానికి. నువ్వు చెప్పు. నువ్వేం చెబితే అదే చేస్తాను, ఒట్టు. దిగిపొమ్మంటే ఒకసారి తట్టు. వద్దు, వెనక్కి పొమ్మంటే రెండుసార్లు.”

“…”

“వదినా.”

“…”

“ఆలోచిస్తున్నావా? ఆలోచించు. కానీ తొందరగా. ఇక్కడ అందరూ నన్నే చూస్తున్నారు.”

“…”

“ఒకసారా, రెండుసార్లా?”

“అమ్మా, ఆగండి. తలుపు తీస్తున్నాను.”

“అన్నయ్యగారూ! మీరు దిగలేదా? అయ్యో, అంతా విన్నారా… వదినేది? స్నానాలగదిలో ఉందా?”

“లేదు.”

“ఈ మంచం మీద ఎవరూ పడుకున్నట్టే లేదే!”

“ఎవరూ పడుకోలేదు. ఆవిడ ఓడెక్కలేదు.”

“ఎక్కకపోవడమేమిటి? మరి తట్టింది?”

“నేనే.”

“మీరా?”

“అవునమ్మా.”

“మొదటిరోజు కూడానా?”

“మొదటిరోజు కూడా.”

“ఏనుగు?”

“విన్నాను.”

“ఆ… కుళాయి సంగతి?”

“…విన్నాను.”

“ఛీ! సిగ్గులేదూ మీకు? మగవాడై ఉండి తలుపు చాటున నిలబడి ఒక ఆడదాని గోడు—”

“నిలబడలేదు.”

“ఏమిటి?”

“కింద కూర్చున్నాను. తలుపుకి ఆనుకుని.”

“అదో గొప్పలాగ చెబుతున్నారు! ఎందుకు తట్టారు? ఆ రోజు తట్టకపోతే నా దారిన నేను పోయేదాన్ని కదా?”

“అందుకే తట్టాను. వెళ్ళిపోతారనిపించింది. ఓడెక్కాక నాతో అంతసేపు మాట్లాడినవాళ్ళు లేరు. నాతో కాదనుకోండి.”

“మరి ఇప్పుడెందుకు తీశారు? అలాగే కానివ్వాల్సింది.”

“ఒకసారీ తట్టలేకపోయాను. రెండుసార్లూ తట్టలేకపోయాను. కూర్చోండి. నీళ్ళు తాగుతారా?”

“నీళ్ళూ వద్దు ఏమీ వద్దు. ఆవిడ ఎందుకు రాలేదో చెప్పండి.”

“ఒంట్లో కొంచెం—”

“మళ్ళీనా!”

“…రేవుదాకా వచ్చింది.”

“వచ్చి?”

“లైనులో నిలబడ్డాం. నా పెట్టె పోర్టరుకి ఇచ్చేశాం. ఇంకో నలుగురు దాటితే మా వంతు. అప్పుడంది, ‘మీరు వెళ్ళండి, నేను రావట్లేదు’ అని.”

“ఎందుకట?”

“తెలీదు.”

“అడగలేదా?”

“లైను కదులుతోందమ్మా.”

“మరేమన్నారు మీరు?”

“సరే అన్నాను.”

“‘సరే’ అన్నారా!”

“ఏదో పని గుర్తొచ్చిందేమో అనుకున్నాను. కోపంగా అయినా అనలేదు, మామూలుగానే అంది. ఆవిడ అన్నీ మామూలుగానే అంటుంది. లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి చూశాను కూడా. అక్కడే నిలబడి ఉంది. చెయ్యి ఊపాను.”

“ఆవిడ పెట్టె?”

“ఏ పెట్టె?”

“మీది పోర్టరుకిచ్చారు. ఆవిడది?”

“తన చేతిలోనే పట్టుకుంది. పోర్టరు అడిగినా ఇవ్వలేదు. అప్పుడే అనుకున్నాను, ఎందుకివ్వలేదా అని.”

“అనుకున్నారు. అడగలేదు.”

“లేదు.”

“తరవాత ఫోను చేసిందా?”

“సముద్రం మీద అందదు కదా.”

“దారిలో ఒక రేవులో ఆగినప్పుడు అందరికీ అందింది.”

“చెయ్యలేదు.”

“మీరు?”

“ఇంట్లో హాయిగా ఉంటుంది కదా, కదపడమెందుకని…”

“ఊరందరికీ కళ్ళు చూస్తారు మీరు! మొగుడు ఇన్నాళ్ళు తిరిగి రాడని తెలుసు, సర్దిన పెట్టె చేతిలో ఉంది. అలా రేవులో నిలబడ్డ ఆడమనిషి ఇంటికే వెళ్ళిందని మీకెవరు చెప్పారు అన్నయ్యగారూ? ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఇంకెక్కడికి పోతుంది? తనకెవరున్నారు?”

“అది నన్నడుగుతారా? కూర్చోండి, మీరు కూర్చోండి ముందు. అలా తెల్లబోయి చూడకండి… పాపం, ఆవిడ నోరు మూసుకుని పక్కకి తప్పుకుంది. మీరేమో ఆవిడకి సముద్రం పడలేదని ఓడంతా చెప్పుకుని సూప్ తెప్పించుకున్నారు. నేనిలా దిగిపోతే మా ఆయనా అంతే. బజారుకెళ్ళిందనుకుంటారు. ఓడ కదిలాక కూడా బజారులోనే ఉన్నాననుకుంటారు. లేదు. ఆ పేపరు లాగేసి, మొహాన చెప్పే పోతాను.”

“దిగడం ఖాయమేనా?”

“మీకు చెప్పను. చెబితే ‘సరే’ అంటారు.”

“అనను.”

“…ఈ సంచి ఇక్కడుంచుతున్నాను, చూస్తుండండి. చెప్పేసి వచ్చి తీసుకుంటాను. నేనటు వెళ్ళగానే, ఫోను తీయండి. ఇక్కడ అందుతుంది.”

“ఏం మాట్లాడమంటారు?”

“అది మాత్రం నన్నడక్కండి.”

తలుపు తెరిచే ఉంది. అతనొక్కడే.

“మోగుతోంది… మోగుతూనే ఉంది… ఆఁ, హలో. నేను. నేనే… బాగానే ఉన్నాను. గది బాగుంది, భోజనం కూడా… ఆఁ, సముద్రం కూడా… కాదు, ఫోను పెట్టెయ్యకు. ఆగు. అది కాదు. నువ్వు… నువ్వెక్కడున్నావు?”